ప్రాజెక్టు పని పిల్లల చేతికి వెళ్లకముందే: ఉపాధ్యాయులతో కలిసి లైబ్రేరియన్ ఎలా పనిచేయాలి?

చాలా బడుల్లో ప్రాజెక్టు పని సంగతి లైబ్రేరియన్‌కు తెలిసేది పిల్లల నోటి నుంచే. విరామ సమయంలో ఒక తరగతి పిల్లలంతా గుంపుగా వచ్చి ‘‘జల కాలుష్యం మీద పుస్తకం కావాలి’’ అంటారు. ఉన్న ఒకటి రెండు పుస్తకాలు ముందు వచ్చినవాళ్లకు దక్కుతాయి. మిగిలినవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, మొదట కనిపించిన పేజీని ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటారు. ఆ కాగితాలు దిద్దుతున్నప్పుడు టీచర్‌కు కలిగే నిరాశ నిజమైనదే. ‘ముందే తెలిస్తే ఎంతో చేసి ఉండేదాన్ని’ అన్న లైబ్రేరియన్ బాధా నిజమైనదే.

ఇక్కడ లోపం పిల్లలది కాదు, పుస్తకాల కొరతదీ కాదు. లైబ్రేరియన్ రంగంలోకి దిగిన సమయం సరైనది కాదు. ప్రశ్న ఖరారైపోయి, గడువు పెట్టేసి, పిల్లలు గుమ్మంలో నిలబడ్డాక చేయగలిగింది చాలా తక్కువ. ప్రశ్న ఇంకా చిత్తుప్రతిగా ఉన్నప్పుడే లైబ్రేరియన్ ఉపాధ్యాయుల పక్కన కూర్చోగలిగితే పిల్లల చదువులో తేడా కనిపిస్తుంది. ఆ స్థానానికి చేరుకునే దారి ఏమిటో, చేరాక ఏం చేయాలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

1. ముందు పాఠ్యపుస్తకాలు చదవండి

ఉపాధ్యాయుల దగ్గరికి వెళ్లి ‘‘నేనేమైనా సాయం చేయనా?’’ అని అడిగితే ‘‘అవసరమైతే చెబుతానండీ’’ అనే మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. వాళ్లకు ఏం అడగాలో తెలియదు, మీరు ఏం ఇవ్వగలరో తెలియదు. అందుకే ఆ మాట అడిగే ముందు మీ ఇంటిపని పూర్తి కావాలి.

అన్ని తరగతుల పాఠ్యపుస్తకాలు, వార్షిక ప్రణాళికలు తెచ్చుకోండి. ఒక పెద్ద కాగితం మీద నిలువుగా నెలలు, అడ్డంగా తరగతులు రాసి, ఏ నెలలో ఏ తరగతికి ఏ పాఠం వస్తుందో గడుల్లో నింపండి. ప్రాజెక్టులు, సెమినార్లు ఉన్న చోట రంగు వేయండి. ఈ కాగితం చూడగానే బడిలో ఇంకెవరికీ కనిపించని సంగతులు మీకు కనిపిస్తాయి. ఒకే పక్షంలో రెండు తరగతులకు అవే పుస్తకాలు అవసరమవుతున్నాయి. సైన్సులో వాతావరణం చెబుతున్న నెలలోనే భూగోళంలోనూ వాతావరణమే నడుస్తోంది, ఆ ఇద్దరు ఉపాధ్యాయులకూ ఆ సంగతి తెలియదు. బడి మొత్తం పాఠాలను ఒకే చూపులో చూడగలిగే మనిషి లైబ్రేరియన్. మీ మొదటి బలం ఇదే.

తర్వాత అరల దగ్గరికి వెళ్లి, రంగు వేసిన ప్రతి గడికీ మన దగ్గర ఏమున్నాయో చూడండి. నీటి పాఠాన్నే తీసుకుందాం. అంశాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు ఇచ్చి అరల్లో అమర్చే డ్యూయీ దశాంశ వర్గీకరణలో నీరు ఒక్క చోట ఉండదు. నదులు, భూగర్భ జలాల శాస్త్రం 551.48 దగ్గర ఉంటుంది. నీటిని వనరుగా చూసి ఎవరికెంత అని లెక్కలు వేసే పుస్తకాలు 333.91లో, కాలుష్యం ఒక సామాజిక సమస్యగా 363.739లో, నీటి సరఫరా ఇంజినీరింగ్ 628.1లో ఉంటాయి. ‘నీటి పుస్తకాలు ఎక్కడ?’ అని అడిగిన పిల్లవాడు వీటిలో ఏదో ఒక అర చూసి, అంతే ఉన్నాయనుకుని వెళ్లిపోతాడు. ఈ నాలుగు చోట్ల నుంచీ పుస్తకాలు తీసి ఒకే బల్ల మీద పెడితే, టీచర్‌కు తన పాఠంలో తాను ఊహించని ప్రశ్నలు కనిపిస్తాయి. సరఫరా, పంపకం, కాలుష్యం, భూగర్భం, ఒక్కొక్కటీ ఒక్కో ప్రాజెక్టు.

2. ఒక్క ఉపాధ్యాయురాలితో మొదలుపెట్టండి

సిబ్బంది సమావేశంలో అందరికీ కలిపి ప్రకటన చేయడం నాకు నచ్చని పద్ధతి. అందరికీ చెప్పిన మాట ఎవరికీ చెప్పినట్టు కాదు. మీ కాగితంలో దగ్గర్లో ప్రాజెక్టు ఉన్న ఒక్కరిని ఎంచుకోండి. పుస్తకాలంటే ఇష్టం ఉండి, కొత్త పద్ధతి ప్రయత్నించడానికి జంకని వారైతే మేలు. మొండికేసేవారిని మార్చి చూపించాలన్న పట్టుదల ఈ దశలో వద్దు. ఒకరి తరగతిలో బాగా జరిగిన సంగతి స్టాఫ్ రూంలో దానంతటదే పాకుతుంది.

మొదటి సందేశం చిన్నగా, నిర్దిష్టంగా ఉండాలి. ఇలా రాయవచ్చు:

‘‘మేడం, వచ్చే నెల ఎనిమిదో తరగతికి నీటి పాఠం ఉందని చూశాను. దానికి పనికొచ్చే పుస్తకాలు, పటాలు కొన్ని తీసి పెట్టాను. కిందటి ఏడాది ఈ ప్రాజెక్టులో పిల్లలు ఎక్కడ తడబడ్డారో చెబితే దానికి తగ్గట్టు సిద్ధం చేస్తాను. మీకు ఖాళీ పీరియడ్ ఉన్నప్పుడు ఓ పావుగంట చాలు.’’

ఇందులో అసలు ప్రశ్న ‘ఎక్కడ తడబడ్డారు’ అన్నదే. ‘ఏ పుస్తకాలు కావాలి?’ అని అడిగితే జాబితా వస్తుంది. ‘ఎక్కడ తడబడ్డారు?’ అంటే పాఠం బయటికి వస్తుంది. ‘‘అందరూ ఒకేలా రాశారండీ’’ అనో, ‘‘పటం చదవడం రాదు’’ అనో, ‘‘సమాచారం కుప్పగా తెస్తారు గానీ దాని నుంచి ఏమీ తేల్చలేరు’’ అనో చెబుతారు. ఆ మాటల్లో మీరు చేయాల్సిన పని ఉంది. మీ సలహాలు ఆ పావుగంటలోనే గుప్పించకుండా, విని రాసుకుని రండి.

3. చివరి నుంచి మొదటికి ప్రణాళిక వేయండి

రెండోసారి కూర్చున్నప్పుడు పుస్తకాల మాట పక్కన పెట్టి, ప్రాజెక్టు ముగిసేసరికి పిల్లలు ఏం చేయగలగాలి అన్న దగ్గర మొదలుపెట్టండి. అది చేయగలిగారని మనకు దేన్ని బట్టి తెలుస్తుందో తర్వాత తేల్చుకోండి. చేయించాల్సిన పని చివర్లో వస్తుంది. ఈ క్రమం తిరగబడితే చార్టులు అందంగా వస్తాయి, చదువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఎవరి పని ఏదో కాగితం మీద పెట్టండి. విషయం, అందులోని భావనలు, ఎక్కడ పొరపాటు పడతారన్న అంచనా టీచర్‌వి. వనరులు ఎంచడం, వెతకడం నేర్పడం, నోట్సు రాయించడం, సమాచారం ఎక్కడిదో పేర్కొనడం అలవాటు చేయడం లైబ్రేరియన్‌వి. ప్రశ్న తయారీ, మూల్యాంకనం ఇద్దరివీ. ఏ రోజు ఏ పీరియడ్‌లో ఎవరు ముందు మాట్లాడతారో కూడా రాసుకోండి. ఈ చిన్న విషయం తేల్చుకోకపోతే ఒకరు పాఠం చెబుతుంటే మరొకరు గోడకానుకుని నిలబడాల్సి వస్తుంది.

4. ప్రశ్నను మార్చండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి విలువైన మెట్టు ఇది. పిల్లలు ఎత్తి రాస్తున్నారంటే చాలాసార్లు ఆ ప్రశ్న ఎత్తి రాయడానికి వీలుగా ఉందనే అర్థం. ‘జల కాలుష్యం గురించి రాయండి’ అన్నదానికి జవాబు ఇప్పటికే వందల చోట్ల తయారుగా ఉంది. దాన్ని సొంత మాటల్లో ఎందుకు రాయాలో పిల్లలకు అర్థం కాదు.

అదే ప్రశ్నను ఇలా మార్చి చూడండి: ‘ఒకే నది ఒడ్డున ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు ఉన్నాయి. ఆ నదిలో నీరు పాడైతే ఎవరికి ఎక్కువ నష్టం? ఏ ఆధారాలతో చెబుతున్నారు?’ దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ సిద్ధంగా దొరకదు. పటం చూడాలి, ప్రవాహ దిశ తెలియాలి, కాలుష్యం ఎలా వ్యాపిస్తుందో చదవాలి. ఆ తర్వాత ఒక నిర్ణయానికి రావాలి. చరిత్రలోనూ అంతే. ‘పారిశ్రామిక విప్లవ ఫలితాలు రాయండి’ అనే బదులు ‘ఆ మార్పు వల్ల మిల్లు యజమానికి, మగ్గం నేసేవాడికి, మిల్లులో పనిచేసే బాలికకు ఏం జరిగింది? ముగ్గురిలో ఎవరి గురించి ఆధారాలు తక్కువగా దొరికాయి, ఎందుకు?’ అని అడగవచ్చు. ఆ చివరి భాగం పిల్లలను చరిత్ర ఎలా తయారవుతుందో ఆలోచించే దాకా తీసుకెళుతుంది.

ప్రశ్న ఖరారు చేసే ముందు లైబ్రేరియన్ స్వయంగా ఆ ప్రాజెక్టు చేసి చూడాలి. ఆ తరగతి పిల్లలకు అర్థమయ్యే స్థాయిలో కనీసం మూడు వేర్వేరు వనరులు అరగంటలో దొరకాలి. మీకే దొరకకపోతే పదమూడేళ్ల పిల్లలకు అసలు దొరకవు. అప్పుడు టీచర్‌తో ‘‘ప్రశ్న చాలా బాగుందండీ, కానీ దీనికి తగిన పుస్తకాలు మన దగ్గర లేవు, ఈ కోణంలో మారిస్తే ఎలా ఉంటుంది?’’ అని చెప్పండి. వట్టి అభిప్రాయంగా కాకుండా, చేసి చూసి చెబుతున్నారు కాబట్టి ఆ మాటకు విలువ ఉంటుంది.

5. తక్కువ పుస్తకాలు, సరైన పుస్తకాలు

నలభై పుస్తకాలు బల్ల మీద గుమ్మరిస్తే పిల్లలు బెదిరిపోతారు. పది పన్నెండు చాలు, కానీ వాటిలో సులభంగా చదవగలిగేవి, మామూలువి, కొంచెం కష్టమైనవి మూడు రకాలూ ఉండాలి. అట్లాసు, విజ్ఞాన సర్వస్వం, పాత వార్తాపత్రికలు, గణాంకాల పట్టికలు కలపండి. చదవడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం బొమ్మలు ఎక్కువగా ఉన్నవి, వినే రూపంలో ఉన్నవి వెతకండి. ప్రాజెక్టు ముగిసేదాకా వీటిని ఇంటికి ఇవ్వకుండా ప్రత్యేక అరలో ఉంచాలి. లేకపోతే మొదటి రోజే నలుగురి చేతుల్లోకి వెళ్లిపోతాయి.

6. అవసరమైన రోజున అవసరమైనంత నేర్పండి

ఏడాది మొదట్లో ఒక పీరియడంతా ‘గ్రంథాలయాన్ని వాడుకోవడం ఎలా’ అని చెబితే వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. అదే విషయం ప్రాజెక్టు మధ్యలో పది నిమిషాలు చెబితే నిలుస్తుంది, ఎందుకంటే ఆ క్షణానికి అది వాళ్లకు కావాలి.

ఉదాహరణకు పదసూచిక. ఒక విద్యార్థిని పుస్తకం చివరి పేజీలు తిప్పి ‘కాలుష్యం’ కోసం చూస్తుంది. లేదు. పుస్తకం మూసి ‘‘ఇందులో లేదు’’ అంటుంది. ఆ పుస్తకాన్ని అందరి ముందూ తెరవండి. ‘ఈ రచయిత ఇదే సంగతికి ఇంకేం పేరు పెట్టి ఉంటారు?’ అని అడగండి. మురుగునీరు, వ్యర్థాలు, నీటి శుద్ధి, తాగునీరు, ఇలా పిల్లలే ఒక్కొక్కటీ చెబుతారు. బోర్డు మీద రాసి, ఒక్కొక్కటీ పదసూచికలో వెతికించండి. రెండోదో మూడోదో తగులుతుంది. అదే పదాల జాబితా కేటలాగులోనూ ఇంటర్నెట్ వెతుకులాటలోనూ పనికొస్తుంది. టీచర్ పక్కనే ఉంటే ఆ విషయంలో వాడే శాస్త్ర పదాలు కూడా జోడిస్తారు. ఇద్దరు కలిసి చెప్పడంలోని లాభం ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

వెబ్‌సైట్ల విషయంలో పాత పద్ధతి ఒకటి ఉంది. పేజీ అందంగా ఉందా, రచయిత పేరు ఉందా, తేదీ ఉందా అని ఒక జాబితా పట్టుకుని గుర్తులు పెట్టుకుంటూ పోవడం. నేడు ఎంత తప్పుడు పేజీ అయినా ఈ పరీక్ష సులభంగా నెగ్గుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థులు, చరిత్రకారులు, వృత్తిరీత్యా వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లు కొత్త వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో పోల్చి చూశారు. మొదటి రెండు వర్గాలవారూ ఆ పేజీలోనే ఉండి కిందా మీదా చదివి తరచూ మోసపోయారు. మూడో వర్గంవారు వెంటనే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. వాళ్లే తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. పిల్లలకు ఈ ఒక్క అలవాటు నేర్పండి: నమ్మే ముందు పేజీ బయటికి వెళ్లి అడగాలి.

కృత్రిమ మేధ సాధనాలు ఇచ్చే జవాబులకూ ఇదే వర్తిస్తుంది. అవి ఒక్కోసారి అసలు లేని పుస్తకాల పేర్లు, లేని వ్యాసాల పేర్లు నమ్మకంగా చెబుతాయి. అలాంటి జవాబొకటి తీసుకుని, అందులోని ప్రతి పుస్తకాన్నీ పిల్లల చేత కేటలాగుల్లో వెతికించండి. దొరకని పేరు ఒక్కటి ఎదురైతే చాలు, మీరు ఇక హెచ్చరించనక్కర్లేదు.

నోట్సు కోసం మూడు గడుల కాగితం ఇవ్వండి: ఎక్కడ చదివాను (పుస్తకం, పేజీ), అందులో ఏముంది, నాకేమనిపించింది. మధ్య గడి నింపేటప్పుడు పుస్తకం మూసి రాయాలన్నది నియమం. మూడో గడి ఖాళీగా వదిలేసే పిల్లలు ఎక్కువ. ఆ గడి దగ్గరే టీచర్ ఆగి మాట్లాడాలి.

7. తికమకపడే రోజున ఇద్దరూ గదిలో ఉండండి

సమాచారం వెతికేటప్పుడు విద్యార్థులకు లోపల ఏం జరుగుతుందో అమెరికా పరిశోధకురాలు కెరోల్ కుల్తావ్ ఎన్నో ఏళ్లు అధ్యయనం చేశారు. ఆ ప్రక్రియను ఆమె ఆరు దశలుగా చెప్పారు: పని మొదలవడం, అంశం ఎంచుకోవడం, అన్వేషణ, దృష్టి ఒక చోట కుదరడం, సమాచారం సేకరించడం, సమర్పించడం. అంశం ఎంచుకోగానే ఉత్సాహం వస్తుంది. మూడో దశ అయిన అన్వేషణలో అది జారిపోతుంది. చదివే కొద్దీ ఒకదానితో ఒకటి పొసగని సంగతులు ఎదురై, అయోమయం, అనుమానం పెరుగుతాయి. దృష్టి కుదిరాకే మళ్లీ ధైర్యం వస్తుంది.

మామూలుగా బడుల్లో జరిగేది దీనికి విరుద్ధంగా ఉంటుంది. మొదటి రోజు పిల్లలను లైబ్రరీకి తీసుకొస్తారు, అప్పుడు వాళ్లకు ఏ సందేహమూ ఉండదు. చివరి రోజు కాగితాలు తీసుకుంటారు, అప్పుడు సందేహం ఉన్నా లాభం లేదు. మధ్యలో తికమకపడిన రోజున పక్కన ఎవరూ ఉండరు. ఎత్తి రాయడం మొదలయ్యేది సరిగ్గా ఆ రోజే. ఒకే ఒక్క ఉమ్మడి పీరియడ్ దొరికితే దాన్ని మొదటి రోజుకు కాకుండా ఈ రోజుకు అడగండి.

ఆ పీరియడ్‌లో పాఠం చెప్పవద్దు. తరగతిని సగం సగం పంచుకుని, ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. ‘ఇప్పటిదాకా చదివినవాటిలో నిన్ను ఆశ్చర్యపరిచింది ఏది? ఏ రెండు సంగతులు ఒకదానితో ఒకటి కుదరడం లేదు?’ అని అడగండి. జవాబు చెబుతూ చెబుతూనే చాలామందికి తమ దారి కనిపిస్తుంది. ‘‘ఇలా తోచకపోవడం మామూలే, అందరికీ ఈ దశ వస్తుంది’’ అని చెప్పడం కూడా మరిచిపోవద్దు. తమకు చేతకావడం లేదని కుంగిపోయే పిల్లలకు ఆ మాట చాలా పెద్ద ఊరట.

8. చివరి కాగితానికే మార్కులు వేయవద్దు

వెతికిన దారికీ మార్కులు ఉంటేనే పిల్లలు దాన్ని పట్టించుకుంటారు. మొత్తం మార్కుల్లో కొంత భాగం నోట్సు కాగితాలకు, ఆధారాల జాబితాకు కేటాయించమని టీచర్‌ను అడగండి. ఆ భాగాన్ని మీరే దిద్దుతానని చెబితే కాదనేవారు తక్కువ, భారం తగ్గుతుంది కదా. ఆధారాలు వేర్వేరు రకాలవా, ప్రశ్నకు సంబంధించినవేనా, రాసిన ప్రతి ముఖ్యమైన మాటకూ మూలం కనిపిస్తోందా అన్న మూడూ చూస్తే సరిపోతుంది.

ముగిశాక ఇద్దరూ పావుగంట కూర్చుని ఏది పనిచేసింది, ఏ పుస్తకం ఎవరూ ముట్టుకోలేదు, ప్రశ్నలో ఏ మాట పిల్లలకు అర్థం కాలేదు అన్నవి రాసిపెట్టండి. ప్రశ్నపత్రం, పుస్తకాల జాబితా, రెండు మూడు మంచి నమూనాలు కలిపి ఒక ఫైలులో పెట్టండి.

9. ప్రధానోపాధ్యాయుల దగ్గరికి పిల్లల రాతతో వెళ్లండి

ఎన్ని పుస్తకాలు ఇచ్చామన్న లెక్కలు బడి నడిపేవారిని పెద్దగా కదిలించవు. పాత ప్రశ్నకు పిల్లలు రాసినది, కొత్త ప్రశ్నకు రాసినది పక్కపక్కన పెట్టి చూపించండి. ఇఫ్లా (గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కోలు కలిసి ప్రకటించిన పాఠశాల గ్రంథాలయ మేనిఫెస్టో (1999) కూడా ఉపయోగపడుతుంది. లైబ్రేరియన్లు, ఉపాధ్యాయులు కలిసి పనిచేసినప్పుడు విద్యార్థులు అక్షరాస్యతలో, చదవడంలో, సమస్యలు పరిష్కరించడంలో పై స్థాయికి చేరుకుంటారని రుజువైందని అందులో స్పష్టంగా ఉంది.

అడగాల్సింది ముఖ్యంగా సమయం. చాలా చోట్ల లైబ్రరీ పీరియడ్ టైం టేబుల్‌లో బిగుసుకుపోయి ఉంటుంది. పిల్లలను అక్కడ వదిలి టీచర్ వేరే పనికి వెళతారు. ఆ ఏర్పాటులో కలిసి బోధించడం సాధ్యం కాదు. వారంలో కనీసం రెండు పీరియడ్లు ఎవరికీ కేటాయించకుండా, ప్రాజెక్టు ఉన్న తరగతికి వాడుకునేలా వదలమని కోరండి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి నెలకొక ఉమ్మడి ఖాళీ పీరియడ్ కూడా.

ఎదురయ్యే చిక్కులు

కొందరు టీచర్లు స్పందించరు. వెంటపడవద్దు. వాళ్ల పాఠానికి సరిపోయే ఒక్క మంచి పుస్తకం, చదవాల్సిన పేజీలో కాగితం ముక్క పెట్టి, బల్ల మీద ఉంచి రండి. నెల తర్వాత మరొకటి. గణితం చెప్పేవారు తమకు లైబ్రరీతో పనిలేదంటే, వార్తాపత్రికలో వచ్చిన గ్రాఫులు నాలుగు కత్తిరించి ఇవ్వండి. వాటిలో ఒకటి నిలువు గీత సున్నా దగ్గర మొదలుకాకుండా తేడాను పెద్దదిగా చూపేది అయితే తరగతిలో మంచి చర్చ నడుస్తుంది.

పూర్తికాలపు లైబ్రేరియన్ లేని బడిలో ఈ బాధ్యత ఒక ఉపాధ్యాయుడి మీదే ఉంటుంది. అప్పుడు ఏడాదికి ఒకే ఒక్క ప్రాజెక్టు ఎంచుకుని, అందులోనూ ప్రశ్న మార్చడం, తికమక రోజున పక్కన ఉండడం అన్న రెండు పనులు చేస్తే చాలు. మిగతావి వచ్చే ఏడాదికి.

టీచర్ ముందు పిల్లల అల్లరి గురించి ఫిర్యాదులు చేయవద్దు. ప్రాజెక్టు బాగా వచ్చిందని ఎవరైనా మెచ్చుకుంటే ముందు టీచర్ పేరే చెప్పండి. అలాగే, ఎవరైనా సెలవు పెట్టినప్పుడల్లా వారి తరగతిని లైబ్రరీకి పంపే ఆనవాయితీ ఉంటే, ప్రధానోపాధ్యాయులతో మర్యాదగా మాట్లాడి ఆపించండి. ఆ తరగతుల వల్ల ముందే అనుకున్న ఉమ్మడి పీరియడ్లు రద్దవుతాయి.

కలిసి పనిచేసిన టీచర్ బడి మారి వెళ్లిపోతే దాచిన ఫైలు అక్కరకొస్తుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి వారంలోనే దాన్ని ఇచ్చి, ‘‘కిందటి ఏడాది ఇలా చేశాం, పిల్లలు ఇక్కడ తడబడ్డారు, మీరైతే ఏం మారుస్తారు?’’ అని అడగండి.